ఆకుపచ్చ గేటు దగ్గర అంజన్న

సౌదీలో మనవాళ్ళుండే మలాజ్ పేటలో అంజన్న మీద ఒక మాట తిరుగుతోంది. కూలగొట్టిన పాత ఇంటి ముందు అతను ఐదు నెలలు కూర్చున్నది బంగారం కోసమట. చనిపోయిన ముసలి సౌదీ గేటు కింద బంగారు బిస్కట్లు పాతిపెట్టాడట, ఆ సంగతి డ్రైవరొక్కడికే తెలుసట, అందుకే ఎండకు మాడినా తిండికి ఎండినా అక్కడి నుంచి కదల్లేదట. శుక్రవారం బతా బజారుకు కూరగాయలకు వెళ్ళేవాళ్ళు ఇక్కడి నుంచి ఒక మాట మోసుకెళ్ళి, వచ్చేటప్పుడు దానికి ఇంకో ముక్క అతికించుకొస్తున్నారు. ఒకరు బిస్కట్లంటే ఇంకొకరు వడ్డాణమంటారు. సౌదీ ముసలాయన ఇంట్లోకి వడ్డాణం ఎలా వచ్చిందని అడిగినవాళ్ళు లేరు.

బంగారమూ లేదు, బిస్కట్టూ లేదు. గేటు పీకిన రోజున అంజన్న మిషనుకు అడ్డంపడి ఏడ్చిన మాట మాత్రం నిజం. చూసినవాళ్ళు చూసినంత వరకే చెప్పి ఊరుకుంటే బాగుండేది. అతనింకా ఈ ఊళ్ళోనే ఉన్నాడు. ఇవాళో రేపో ఈ మాట అతని చెవిన పడుతుంది. అంతకుముందే అసలు సంగతి నలుగురికీ తెలియాలి.

అంజన్నది మెట్‌పల్లి అవతల చిన్న పల్లె. వయసు యాభై రెండు. పొట్టి మనిషి, చేతులు మాత్రం పెద్దవి. ఎవరు పిలిచినా ముందు లేచి నిలబడి, ఆ తర్వాత పలుకుతాడు. భార్య సత్తవ్వ బీడీలు చేస్తుంది. పిల్లలు కలగలేదు. ఇద్దరికి ఇద్దరే.

మొదటిసారి సౌదీకి వచ్చినప్పుడు అతనికి ఇరవై ఏడేళ్ళు. హఫర్ అల్ బాతిన్‌లో కట్టుబడి పని. ఊరి బయట రేకుల క్యాంపు, అందులో ఎనభై మంది. అప్పట్లో పాస్‌పోర్టులన్నీ కంపెనీ దగ్గరే ఉండేవి. ఎవరికైనా ఎగ్జిట్ పడితే, అంటే ఇక మీ దేశం పొమ్మని సర్కారు ముద్ర వేస్తే, కంపెనీ మనిషి ఒకడు జీపులో పాస్‌పోర్టుల కట్ట వేసుకుని క్యాంపుకు వచ్చేవాడు. జీపు దిగేవాడు కాదు, ఇంజను ఆపేవాడు కాదు. కిటికీలోంచి పేర్లు చదివేవాడు. పలికినవాడికి పాస్‌పోర్టూ టికెట్టూ. పలకనివాడి పాస్‌పోర్టు తిరిగి కట్టలోకి.

అంజన్న పక్క మంచం నాగేందర్‌ది. వాళ్ళిద్దరివీ పక్క పక్క ఊళ్ళు. నాగేందర్‌కు ఎగ్జిట్ పడిందని తెలిసిన రోజు, ఇంటికి పోతున్నాను కదా, నున్నగా పోదామని గడ్డం గీయించుకోవడానికి బజారుకు వెళ్ళాడు. జీపు వచ్చింది, పేరు పిలిచారు, వెళ్ళిపోయింది. "ఉన్నడు సార్, ఉన్నడు! గిప్పుడే వస్తడు, జర ఆగుండ్రి" అని అంజన్న తెలుగులోనే అరుస్తూ జీపు వెంట పరిగెత్తాడు. నోట్లో దుమ్ము తప్ప ఏమీ మిగల్లేదు. అటు ఆఫీసులో పాస్‌పోర్టు పడి ఉండగానే ముద్రకు గడువు తీరిపోయింది. నాగేందర్ ఇంకో పద్నాలుగు నెలలు అదే మంచం మీద పడుకున్నాడు. ఆ తర్వాత జీపు వచ్చే రోజుల్లో క్యాంపులో ఎవరూ చెంబు పట్టుకుని కూడా దూరం పోలేదు. పిలిచినప్పుడు మనిషి అక్కడ ఉండాలి. సౌదీ గురించి అంజన్న మొదట నేర్చుకున్నది ఇదే, దీన్ని అతని తలలోంచి ఎవరూ తీయలేకపోయారు.

రెండోసారి వచ్చింది ఇంటి డ్రైవరుగా, ఈ మలాజ్‌కే. పదకొండేళ్ళు ఒకే ఇల్లు, ఒకే యజమాని. అందరూ ఆయన్ను బాబా అనేవాళ్ళు, అంజన్న కూడా అలాగే పిలిచేవాడు. భార్య పోయిన ముసలాయన. మసీదుకు, దవాఖానకు, వారానికొకసారి ఊరి బయట ఖర్జూరం తోటకు తీసుకెళ్ళి తీసుకురావడం అంజన్న పని. బాబా అతని పాస్‌పోర్టు ఒక్కరోజు కూడా దాచుకోలేదు. నీది నీ జేబులోనే ఉండాలని వచ్చిన రోజే ఇచ్చేశాడు. రెండేళ్ళకోసారి సెలవు మీద ఊరికి పంపేటప్పుడు మాత్రం వీసా కాగితం తన చేత్తో ఇచ్చేవాడు. దాన్ని నాలుగు మడతలు పెట్టి, అంజన్న చొక్కా జేబులో తనే దోపి, పైనుంచి అరచేత్తో తట్టేవాడు. అలా ఐదుసార్లు జరిగింది. అందుకని అంజన్న లెక్కలో ఇంటికి పోవడమంటే ఆ కాగితమే. ఇచ్చే మనిషి రావాలి, పుచ్చుకునే మనిషి అక్కడ ఉండాలి.

ఈ ఏడాది జనవరిలో బాబా పోయాడు. రాబిగ్‌లో ఉద్యోగం చేసే పెద్ద కొడుకు వచ్చి, నెల రోజులు ఉండి, ఇంట్లో సామాను పంచిపెట్టి, కారు తీసుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు గేటు దగ్గర నిలబడి అంజన్నతో అన్నాడు:

"ఎక్కడికీ పోకు. రంజాన్ పండగ అయ్యాక నీ ఎగ్జిట్ సంగతి చూస్తాను. ఈలోగా జారుకున్నావో, హురూబ్ పెట్టిస్తాను."

హురూబ్ అంటే పనివాడు పారిపోయాడని రాయించడం. ఆ ఒక్క మాట కంప్యూటర్లో పడితే మనిషికి ఇంకో చోట పని దొరకదు, ఇంటికి పోయే దారి మూసుకుపోతుంది, పోలీసులకు కనబడితే లోపల వేస్తారు. అంజన్న గుండెల మీద చెయ్యి పెట్టుకుని, ఇక్కడే ఉంటానని అరబ్బీలో మాటిచ్చాడు. ఆ సాయంత్రమే సత్తవ్వకు ఫోన్ చేసి, "పండుగ తెల్లారి వస్తున్న. ఈసారి మళ్ళ పోవుడు లేదు" అన్నాడు. ఆమె ఆ మాట వాడంతా చెప్పుకుంది.

గేటు పక్కన డ్రైవరు గది ఉండేది. ఒక మంచం, ఒక పొయ్యి. వారం తిరక్కుండానే ఫోన్ మూగబోయింది. అది బాబా పేరు మీద తీసుకున్న నంబరు. తండ్రి పేరున ఉన్నవన్నీ మూయిస్తూ కొడుకులు దాన్నీ మూయించారు. తర్వాత ఇంటికి కరెంటు తీసేశారు. ఉన్న బియ్యం, పప్పు అయిపోయాయి. ఇంకెవరింట్లోనైనా పని చూసుకుందామంటే, కఫీల్, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, ఒకడు ఉండగా ఇంకొకడి దగ్గర చేస్తూ దొరికితే అదీ నేరమే. పైగా పనికి పోయిన పూట కొడుకు వస్తే?

రంజాన్ నెల ఎలాగో గట్టెక్కింది. గేటుకు అరవై అడుగుల్లో మసీదు ఉంది. సాయంత్రాలు గుడారం వేసి, చాపలు పరిచి, వచ్చినవాళ్ళందరికీ పెట్టారు. నువ్వెవరివి, ఏ మతం వాడివి అని ఒక్కరూ అడగలేదు. పగలంతా ఉపవాసం ఉన్నవాళ్ళ మధ్య తాను తిని కూర్చోవడం బాగుండదని అంజన్న కూడా పొద్దంతా పస్తే ఉండేవాడు. తిందామన్నా గదిలో ఏమీ లేదనుకోండి. పండగ వెళ్ళాక గుడారం విప్పి లారీలో వేసుకుపోయారు. ఆ సాయంత్రం కాళ్ళు అలవాటుగా అటు తీసుకెళ్ళాయి. చాపలు తీసేసిన నేల మీద కొంతసేపు నిలబడి తిరిగొచ్చాడు.

పండగ అయ్యాక అన్నాడు కదా, పండగ అయింది. ఇక ఏ రోజైనా రావచ్చు. అంజన్న తెల్ల చొక్కా ఉతుక్కుని, గేటు ముందు అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఇక్కడి ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. మిగిలిన రొట్టెను చెత్తలో కలపరు. దేవుడిచ్చిన తిండి కాలికింద పడకూడదని వేరే సంచిలో కట్టి, చెత్తడబ్బా కొక్కేనికో, గోడ మేకుకో తగిలిస్తారు. వారానికి రెండుసార్లు సూడాన్ ముసలాయన ఒకడు చిన్న బండిలో వచ్చి, మేకలకని పట్టుకుపోతాడు. చూసి చూసి మన ఇళ్ళల్లోనూ అదే అలవాటైంది. సంచి తగిలించేవాళ్ళెవరూ అది మేకల దగ్గరికి చేరేలోపల దాని మీద ఎవరి కళ్ళున్నాయో చూడరు.

మొదటి సంచి విప్పడానికి అంజన్నకు రెండు రోజులు పట్టింది. పదకొండేళ్ళు ఈ వీధిలో నీలం రంగు పెద్ద కారు నడిపిన మనిషి. సంచి దాకా వెళ్ళడం, ఎవరో వస్తున్నట్టనిపించి చెప్పు సర్దుకుంటున్నట్టు వంగడం, తిరిగి రావడం. మూడో రోజు మధ్యాహ్నం నమాజుకు కొట్లన్నీ మూసిన సమయంలో ఒక ఖుబ్స్ రొట్టె తీసి చొక్కాలో దాచుకుని గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. ఈ ఊరి గాలికి రొట్టె ఒక్క పూటలో అప్పడంలా అవుతుంది. మసీదు బయట పెట్టిన చల్లనీళ్ళ పెట్టె నుంచి సీసాతో నీళ్ళు తెచ్చి, ముంచుకుని తిన్నాడు. తింటుండగా బయట కారు ఆగిన చప్పుడైంది. నోట్లో ముద్దతోనే పరిగెత్తుకొచ్చాడు. పక్కింటివాళ్ళ కారు.

తర్వాత అదీ ఒక క్రమానికి వచ్చింది. వీధికి ఈ చివర ఉన్న చెత్తడబ్బా నుంచి గేటు కనబడుతుంది, అక్కడికి ఎప్పుడైనా పోవచ్చు. ఆ చివర డబ్బా నుంచి కనబడదు. దానికి మాత్రం నమాజు వేళ, ఎవరూ ఎవరింటికీ రాని పావుగంటలో, దాదాపు పరుగున పోయి వచ్చేవాడు. నీలం చుక్కలు లేచిన చోట తుంచి పారేసి మిగతాది తినేవాడు. ఎంత ఎండగా ఉన్నా మసీదు లోపలికి వెళ్ళి చల్లగా కూర్చోలేదు. లోపలి నుంచి గేటు కనబడదు. మెట్ల మీదే కూర్చునేవాడు.

మనిషి శుభ్రంగా ఉండటమే అతని కొంప ముంచింది. ఉతికిన చొక్కా, దువ్విన తల, గేటు ముందు నిటారుగా కూర్చున్న తీరు చూసి, ఖాళీ ఇంటికి ఇతన్నే కాపలా ఉంచారు కాబోలని అందరూ అనుకున్నారు. ఎదుటి వరుసలో ఈ మధ్యే దిగిన రాయచోటి మదార్బీ వాళ్ళు ఉంటారు. ఆమె కొడుకు ముస్తాక్ ఇఖామాలు, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డులు, వీసాలు చేసిపెట్టే ఆఫీసులో పనిచేస్తాడు. అతను రోజూ పొద్దున చంకలో ఫైలు పెట్టుకుని ఆ గేటు ముందు నుంచే పోతూ, "సలామలైకుం హారిస్" అనేవాడు. హారిస్ అంటే కాపలావాడు. అంజన్న లేచి నిలబడి, గుండెల మీద చెయ్యి పెట్టుకుని బదులిచ్చేవాడు. అంతే. ఆ పిల్లవాడు తెలుగువాడని ఇతనికి తెలుసు, ఫోన్‌లో మాట్లాడుతుంటే విన్నాడు. ఇతను తెలుగువాడని అతనికి తెలియదు.

ఏప్రిల్ నెల చివర్లో ఒకరోజు అంజన్న దారిన పోయే బెంగాలీని బతిమాలి ఫోన్ తీసుకుని సత్తవ్వకు చేశాడు.

"యాడున్నవ్? పండుగ అయిపాయె. అందరడుగుతుండ్రు."

"కాయిదం వస్తున్నదే. గీ వారంలనే."

"గొంతేంది గట్లయింది? తింటున్నవా?"

"మస్తు తింటున్న. నిన్న బిర్యాని తిన్న, నూనె ఎక్కువైంది, గొంతు పట్టింది."

"గంత తినకు మరి, వయసొచ్చింది" అని ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు. ఆ తర్వాత ఎవరినీ ఫోన్ అడగలేదు. ఈ వారంలోనే అని మళ్ళీ చెప్పాలంటే నోరు రావాలి కదా.

మే నెలలో ఇల్లు అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళ తరఫున పాకిస్తానీ మేస్త్రీ మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పాతది కూల్చి ఫ్లాట్లు కడతారట. డ్రైవరు గదిలోంచి మంచం బయటపడేసి, తలుపు ఊడదీశారు. "చాచా, మకాన్ బిక్ గయా. అబ్ జావో అప్నే ఘర్" అన్నాడు మేస్త్రీ, ఇల్లు అమ్ముడైంది ఇక మీ ఇంటికి పొమ్మని, మర్యాదగానే. అంజన్న సంచి భుజాన వేసుకుని, గేటు దాటి, ఫుట్‌పాత్ మీద కరెంటు డబ్బా నీడలో కూర్చున్నాడు. ఇల్లు పోతే పోయింది, గేటు ఉంది. కొడుకు వచ్చి చూసేది గేటే.

జూన్‌లో గోడలు పడ్డాయి. దుమ్ముకు కళ్ళు మండి, తల మీద తువ్వాలు కప్పుకుని అక్కడే కూర్చున్నాడు. చివరికి ఆకుపచ్చ గేటు ఒక్కటే రెండు స్తంభాల మధ్య మిగిలింది, వెనక ఏమీ లేదు. అలా నాలుగు రోజులు ఉంది. ఐదో రోజు పొక్లెయిన్ గేటు మీదికి వచ్చింది. అప్పుడే అంజన్న లేచి దానికి అడ్డంపడ్డాడు. రెండు చేతులా గేటు కమ్మీలు పట్టుకుని, "ఒక్కరోజు, ఒక్కరోజు" అని తెలుగు, హిందీ, అరబ్బీ కలగలిపి ఏడ్చాడు. మిషను ఆగింది. వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి. బంగారం పుట్టింది ఆ కిటికీల్లోనే.

"చాచా, ఇస్‌మే క్యా హై? లోహా హై, కబాడీ కో జాయేగా" అని, ఉత్త ఇనుము, పాతసామానుకు పోయేదేనని మేస్త్రీ తల పట్టుకున్నాడు. గేటు ఉంచమని అడగడం అర్థంలేనిదని అంజన్నకూ తెలుసు. ఏడుపు ఆపి, స్తంభానికి కొట్టిన ఇంటి నంబరు రేకు వైపు చూపించి, అదైనా ఇమ్మన్నాడు. మేస్త్రీ ఉలి తెప్పించి తనే ఊడదీసి ఇచ్చాడు. ఆ రేకును అంజన్న ఫుట్‌పాత్ మీది ఖర్జూరపు చెట్టుకు తీగతో కట్టాడు. కొడుకు కారులో వస్తే, నంబరు వెతుక్కుంటే, కనబడాలి. కింద తను కూర్చున్నాడు.

జూలై వచ్చేసరికి బళ్ళకు సెలవులు. సౌదీలు అబహా కొండలకో, బయటి దేశాలకో వెళ్ళిపోయారు. మనవాళ్ళు పిల్లల్ని తీసుకుని ఇండియా విమానం ఎక్కారు. వీధి వీధంతా ఏసీల మోత ఆగిపోయింది. ఇళ్ళల్లో మనుషులు లేకపోతే రొట్టెలు మిగలవు. కొక్కేలకు సంచులు తగ్గాయి. రెండు రోజులకొకటి, తర్వాత మూడు రోజులకొకటి. ఒక మధ్యాహ్నం ఎవరో పిల్లుల కోసం రేకు పళ్ళెంలో మాంసం అన్నం పెట్టి వెళ్ళారు. అంజన్న దాని వైపు చూడకూడదని అటు తిరిగి కూర్చున్నాడు. మళ్ళీ ఇటు తిరిగాడు. మూడు పిల్లులు తింటున్నాయి. నాలుగో మూల ఖాళీగా ఉంది. వెళ్ళి ఆ మూల నుంచి నాలుగు వేళ్ళతో తీసుకుని తిన్నాడు. పిల్లులు కసరలేదు, కొంచెం జరిగాయి. తిన్నాక అతనికి వాంతి వచ్చింది. అన్నం పాడైందేమీ కాదు.

ఆ తర్వాత మూడు రోజులు నీళ్ళే. ప్యాంటు నిలబడక తీగతో బిగించుకున్నాడు. లేచి నిలబడితే వీధి పక్కకు ఒరిగేది. తెల్ల చొక్కా ఉతికే ఓపిక పోయింది. ముస్తాక్ సలాం చెబితే మొదటిసారి లేవలేకపోయాడు, చెయ్యి మాత్రం ఎత్తాడు. నడుస్తున్న ముస్తాక్ అది చూడలేదు.

నాలుగో రోజు పొద్దున ఎండ ఇంకా ముదరకముందే మదార్బీ కిందికి దిగింది. కోడలు పుట్టింటికి వెళ్ళడంతో ఇంటి పనంతా ఆమె మీద పడింది. చేతిలో రొట్టెల సంచి. డబ్బా కొక్కేనికి తగిలించి చెయ్యి తీసేలోపే ఇంకో చెయ్యి వచ్చి సంచి పట్టుకుంది. పెద్ద చెయ్యి, ఎముకలు తేలి ఉంది.

ఆమె ఉలిక్కిపడి, తనలో తను అనుకున్నట్టు తెలుగులోనే గొణిగింది. "యా అల్లా! మేకలకని పెడితే ఈయప్ప ఎగబడి తీసుకుంటాండాడే. ఎన్ని మేకలుండాయో ఏమో!"

"మేకలు లేవమ్మా" అన్నాడు అంజన్న. "నాకే."

మదార్బీ ఆ మనిషి ముఖం చూసి, అతని చేతిలోంచి సంచి లాక్కుని, "వద్దు, అది వద్దు. రా, పైకి రా నాయనా" అంది.

"రానమ్మా. ఈడికెల్లి కదల్తే నడువది. మా సేటు కొడుకు వస్తడు."

"ఏం సేటు? యా సేటు? ఇల్లే లేదు కదరా ఈడ!"

"వస్తడమ్మా. నంబరు గట్టిన."

ఆమె చెట్టు వైపు చూసింది, రేకు చూసింది. ఇక ఏమీ అడగకుండా గబగబా మెట్లెక్కి, పప్పు కలిపిన అన్నం గిన్నెతో తిరిగొచ్చింది. అతను మూడు ముద్దలు తిన్నాడు. నాలుగోది చేతిలోనే ఉండిపోయింది, లోపలికి పోలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే ఎడమ భుజానికి తుడుచుకున్నాడు.

"మెల్లిగా తిను. ఎవరూ తరుముకోని రాలా. యా ఊరు మీది?"

ఊరు చెప్పాడు. తర్వాత ఒక్కొక్కటే చెప్పాడు. బాబా, కొడుకు, పండగ, గది, గేటు. ఆమె ఫుట్‌పాత్ మీద అతని ఎదురుగా కూర్చుని విన్నది. మధ్యలో ఒకసారి, "పాస్‌పోర్టు ఎవరికాడ ఉంది?" అని అడిగింది.

"నాకాడనే ఉన్నది" అని అంజన్న లోపలి జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. పాస్‌పోర్టూ, ఇఖామా కార్డూ కొత్తవాటిలా ఉన్నాయి.

మదార్బీ పైకి చూసి అరిచింది. "ముస్తాకూ! ఆఫీసూ లేదు, గీఫీసూ లేదు. ముందు కిందికి రా!"

ముస్తాక్ సాక్సులు ఒక చేత్తో పట్టుకుని దిగొచ్చాడు. రోజూ సలాం చెప్పే మనిషి తెలుగు మాట్లాడుతుంటే విని నిలబడిపోయాడు. తల్లి రెండు ముక్కల్లో చెప్పింది. అతను ఇఖామా నంబరు, పాస్‌పోర్టు నంబరు ఫోన్‌లో కొట్టాడు. వీసా ఉందో లేదో ఇలా ఎవరైనా చూసుకోవచ్చు, ఒక నిమిషం పని. ఆ ఒక్క నిమిషం అంజన్న నిలబడ్డాడు. మదార్బీ అతని మోచెయ్యి పట్టుకుంది.

ముస్తాక్ ఒకసారి చూసి, మళ్ళీ నంబర్లు కొట్టి, మళ్ళీ చూశాడు. తల ఎత్తలేదు.

"చెప్పరా" అంది తల్లి.

"ఎగ్జిట్ వేసినారు మా."

"వచ్చిందా?" అన్నాడు అంజన్న. ముఖం వెలిగింది. వీధి మొదటికి చూశాడు, కారు కోసం. "కాయిదం ఏది మరి? ఎవరు తెస్తరు?"

"కాగితం లేదన్నా. కాగితాలు ఎవరూ తెచ్చియ్యరు ఇప్పుడు. ఆయప్ప రాబిగ్‌లో కూర్చునే ఫోన్‌లో వేసేసినాడు. మెసేజీ నీ పాత నంబరుకు పోయింటుంది." ముస్తాక్ ఫోన్ తెర అతని వైపు తిప్పాడు. "ఏప్రిల్ ఇరవై నాలుగున వేసినాడు. అరవై దినాలు గడువు. పాస్‌పోర్టు తీసుకోని నేరుగా ఎయిర్‌పోర్టుకు పోయింటే పంపించేసి ఉందురు."

"అరవై దినాలంటె..."

"జూన్ ఇరవై మూడుకు అయిపాయె అన్నా. ఈ పొద్దుకు ఇరవై రెండు దినాలైంది. ఇఖామా గూడా ముగిసింది."

అంజన్న వేళ్ళు విప్పి లెక్క పెట్టుకున్నాడు. గది ఇంకా ఉన్నప్పుడు. సత్తవ్వతో ఫోన్‌లో నవ్వినప్పుడు. గోడలు పడుతున్నప్పుడు. గేటు పట్టుకుని ఒక్కరోజు అని మొత్తుకున్నప్పుడు. అన్ని రోజులూ పాస్‌పోర్టు జేబులోనే ఉంది, దారి తెరిచే ఉంది. వేళ్ళు ముడుచుకుని, మెల్లగా చెట్టు మొదట్లో కూలబడ్డాడు.

"ఇంగ ఏం జెయ్యాల?" అని మదార్బీ కొడుకును అడిగింది.

"ఆ కొడుకును పట్టుకోవాల. పాతది కొట్టేయించి కొత్తది వేయించాల. ఆయప్ప ఒప్పుకుంటే అవుతుంది. లేదంటే ఎంబసీ, ఆడ పెద్ద వరస. ఎన్నాళ్ళని చెప్పలేను." ముస్తాక్ అంజన్న ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఆ కొడుకు నంబరుందా అన్నా?"

అంజన్న తల అడ్డంగా ఊపాడు. నంబరు ఫోన్‌లో ఉండేది, మూగబోయిన ఆ ఫోన్ మేలో గది ఖాళీ చేయించినప్పుడు మంచంతో పాటే పోయింది.

ఎండ చెట్టు నీడను గోడ లేని స్థలంలోకి నెట్టేసింది. మదార్బీ చల్లారిన అన్నం గిన్నె మీద మూత పెట్టింది. ఎవరినీ అడగకుండా ఉండలేని మనిషి ఆమె. ఇంతసేపు బిగబట్టుకున్నది ఇక ఆగలేదు.

"ఏం నాయనా, కోపం చేసుకోవద్దు, అడుగుతాండా. నా కొడుకు దినామూ నీ ముందర్నే పోతాండె. చేతిలో ఫైలు కనపడ్తాండె. తెలుగోడని నీకు ఎరికే. నా ఎగ్జిట్ వచ్చిందా లేదా సూడప్పా అని ఒక్క మాట అడిగింటే, ఆ పొద్దే సూసి చెప్పేటోడు గదా. ఐదు నెలలు, ఒక్క దినమన్నా ఎందుకడగలా?"

అంజన్న చెట్టుకు కట్టిన రేకు వైపు చూశాడు.

"అడుగుదామనే రోజు అనుకున్ననమ్మా. అడిగితె రాలే అంటడేమోనని భయమైంది. రాలే అని తెలిస్తే ఆ ఎండురొట్టె గొంతుల దిగకపోవు. రేపస్తది, రేపస్తది అనుకుంటెనే దిగింది."